సీసియం పరమాణువు పి-3/2 నుంచి పి-1/2కు దిగడానికి ఆర్గాన్ ఎందుకు సాయపడదు?

ప్రశ్న: ఆవిరిగొట్టం

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం క్షార లోహ పరమాణువుల ఉత్తేజిత స్థాయిల మధ్య అభిఘాతాల (ఢీకొనడాల) ద్వారా జరిగే శక్తి బదిలీ గురించి చదువుతున్నాను. సోడియం, పొటాషియం, రూబిడియం, సీసియం పరమాణువులన్నింటిలోనూ మొదటి ఉత్తేజిత పి స్థాయి స్పిన్-కక్ష్య చర్య వల్ల రెండుగా చీలి ఉంటుంది. కిందనున్న పి-1/2 నుంచి డి1 రేఖ, పైనున్న పి-3/2 నుంచి డి2 రేఖ వెలువడతాయి. ఆవిరి మీదికి డి2 కాంతిని మాత్రమే పంపినప్పుడు, అందులో ఆర్గాన్ వంటి వాయువు కూడా ఉంటే, ప్రతిదీప్తిలో, అంటే ఆవిరి తిరిగి వెలువరించే కాంతిలో, డి1 కూడా కనిపిస్తుంది. అంటే కాంతిని వెలువరించేలోపే కొన్ని పరమాణువులు వాయు పరమాణువులను ఢీకొని పై స్థాయి నుంచి కింది స్థాయికి మారాయన్నమాట. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

నా సందేహం అంకెల దగ్గర మొదలైంది. ఈ రెండు స్థాయిల మధ్య అంతరం సోడియంలో 17.2, పొటాషియంలో 57.7, రూబిడియంలో 237.6, సీసియంలో 554 సెం.మీ⁻¹ (శక్తిని కొలిచే ప్రమాణం). గది ఉష్ణోగ్రత వద్ద కేటీ, అంటే ఉష్ణశక్తి కొలమానం, విలువ దాదాపు 208 సెం.మీ⁻¹. కాబట్టి పైకి ఎక్కడం సీసియంలో కొంత కష్టమని, బోల్ట్జ్‌మన్ గుణకం (అంతరానికి సరిపడా ఉష్ణశక్తి దొరికే అవకాశాన్ని చెప్పేది) అక్కడ అడ్డుపడుతుందని ఊహించగలను. అయితే నేను అడుగుతున్నది దిగడం గురించి. దిగేటప్పుడు శక్తి మిగులుతుందే గాని కొరత పడదు. ఆ మిగులు ఢీకొన్న రెండు పరమాణువుల గతిశక్తిగా మారిపోవచ్చు. అయినా సోడియం-ఆర్గాన్ జంటకు దిగుడు క్రాస్‌సెక్షన్ (ఢీకొన్నప్పుడు స్థాయి మారే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) సుమారు 60 చదరపు ఆంగ్‌స్ట్రాములు ఉంటే, సీసియం-ఆర్గాన్ జంటకు అది 10⁻⁴ చుట్టుపక్కల ఉంది. అంతరం 32 రెట్లు పెరిగితే క్రాస్‌సెక్షన్ లక్షల రెట్లు తగ్గడానికి కారణం ఏమిటి?

రెండో సందేహం చిన్నది. సోడియంలో పైకి ఎక్కే క్రాస్‌సెక్షన్ సుమారు 110 అని, అంటే దిగేదానికన్నా ఎక్కువ అని కనిపించింది. ఇది అచ్చుతప్పా, లేక నిజమేనా?

జవాబు: పాతమాస్టారు

రెండో సందేహం సులువైనది గనుక ముందు దాన్ని తేల్చేద్దాం. అది అచ్చుతప్పు కాదు. పి-3/2 స్థాయిలో నాలుగు ఉపస్థాయిలు, పి-1/2లో రెండే ఉన్నాయి. ఉష్ణ సమతాస్థితిలో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ సమానంగా ఉండాలంటే, ఎక్కే క్రాస్‌సెక్షన్‌ను దిగే క్రాస్‌సెక్షన్‌తో భాగించగా రెండు రెట్ల బోల్ట్జ్‌మన్ గుణకం రావాలి. సోడియం కొలతలు జరిగే 400 కెల్విన్ దగ్గర ఆ గుణకం 0.94 కాబట్టి నిష్పత్తి 1.88 అవుతుంది. మీరిచ్చిన 110, 60 దానికి దగ్గరగానే ఉన్నాయి. రూబిడియానికి 340 కెల్విన్ వద్ద ఇదే నిష్పత్తి 0.73, సీసియానికి 311 కెల్విన్ వద్ద 0.15. వాయువు ఏదైనా ఈ నిష్పత్తి మారదు. అందుచేత ఎవరి పట్టికనైనా నమ్మే ముందు నేను మొదట చూసేది దీన్నే.

ఇక అసలు ప్రశ్న. శక్తి మిగులుతోందా, కొరత పడుతోందా అన్న లెక్క ఒక్కటే చూస్తే దీనికి సమాధానం దొరకదు. అభిఘాతం ఎంతసేపు సాగుతుందో, ఆ సమయాన్ని పరమాణువు సొంత గడియారంతో పోల్చి చూడాలి. రెండు స్థాయిల మధ్య అంతరాన్ని పౌనఃపున్యంగా మారిస్తే వచ్చే డోలన కాలమే ఆ గడియారం. సోడియానికి అది సుమారు 1.9 పికోసెకన్లు, సీసియానికి 0.06 పికోసెకన్లు. ఢీకొనే జంట ఒకదాని ప్రభావంలో మరొకటి ఉండే దూరాన్ని 5 ఆంగ్‌స్ట్రాములు అనుకుందాం. 400 కెల్విన్ దగ్గర సోడియం-ఆర్గాన్ జంట సగటు సాపేక్ష వేగం సెకనుకు 760 మీటర్లు కాబట్టి అభిఘాతం 0.66 పికోసెకన్లలో ముగుస్తుంది, అంటే డోలన కాలంలో మూడో వంతు. సీసియం-ఆర్గాన్ జంట వేగం సెకనుకు 460 మీటర్లే గనుక అదే దూరానికి 1.1 పికోసెకన్లు పడుతుంది. ఈలోపు సీసియం గడియారం 18 సార్లు కొట్టుకుంటుంది.

నిండు బిందెను నెమ్మదిగా ఎత్తి నెమ్మదిగా దించితే నీళ్లు తొణకవు, కుదుపుతోనే తొణుకుతాయి. సీసియంలోని ఎలక్ట్రాను దృష్టిలో ఆర్గాన్ రాకపోకలు అంత నెమ్మదైనవి. ఆర్గాన్ దగ్గరకు వస్తున్నకొద్దీ ఎలక్ట్రాను తరంగ ప్రమేయం దానికి తగినట్టు వంగుతుంది, అది వెళ్లిపోతుంటే మళ్లీ మొదటి రూపానికే వచ్చేస్తుంది. స్థాయి మారే అవకాశమే రాదు. ఇటువంటి అభిఘాతాన్ని స్థిరోష్ణకం అంటారు, డోలన కాలానికీ అభిఘాత సమయానికీ ఉన్న ఈ నిష్పత్తిని మాసీ పరామితితో కొలుస్తారు. అభిఘాత సమయం పెరిగేకొద్దీ సంభావ్యత ఘాతీయంగా పడిపోతుంది గనుక అంతరం 32 రెట్లు పెరిగితే ఫలితం లక్షల రెట్లు పడిపోవడంలో వింత లేదు. దిగడమైనా ఎక్కడమైనా ఈ అడ్డంకి ఒక్కటే, ఎక్కేటప్పుడు బోల్ట్జ్‌మన్ గుణకం అదనంగా చేరుతుంది.

ఇందుకు మంచి సాక్ష్యం రూబిడియం దగ్గర దొరుకుతుంది. హీలియంతో దాని దిగుడు క్రాస్‌సెక్షన్ సుమారు 0.1 చదరపు ఆంగ్‌స్ట్రాము. ఆర్గాన్‌తో అది కొద్ది వెయ్యో వంతులకు పడిపోతుంది. హీలియం చిన్నది, తేలికైనది, రూబిడియంతో దాని సాపేక్ష వేగం సెకనుకు 1,370 మీటర్ల దాకా ఉంటుంది. ఆర్గాన్‌కు అది 510 మాత్రమే.

జవాబు: సిగ్మా_పై

మాస్టారు గారు చెప్పిన దిశ సరైనదే. కానీ 5 ఆంగ్‌స్ట్రాముల దూరాన్ని అలాగే పెట్టి ఘాతీయ లెక్క చేస్తే ఏమవుతుందో చూడండి. 18 డోలనాలను రేడియన్లలోకి మారిస్తే 113 వస్తుంది. ఇ ఘాతం మైనస్ 113 అంటే 10⁻⁴⁹. ప్రయోగంలో కనిపించేది జ్యామితీయ పరిమాణంలో 10⁻⁶ వంతు. ఇంత తేడా వచ్చినప్పుడు, నమూనా మొగ్గు సరిగ్గా చూపించిందని సంతోషించి ఊరుకోకూడదు, దానిలో పెట్టిన దూరం అర్థమేమిటో అడగాలి.

ఘాతంలోకి రావలసినది పరమాణువులు ఒకదానినొకటి గుర్తించే మొత్తం దూరం కాదు, వాటి మధ్య బలం ఎంత దూరంలో గణనీయంగా మారుతుందో ఆ దూరం. వికర్షణ గోడ నిటారుగా ఉంటే అది అర ఆంగ్‌స్ట్రాము కావచ్చు. అప్పుడు 113 స్థానంలో 11 వస్తుంది, సంభావ్యత లక్షలో ఒకటి స్థాయికి చేరుతుంది. అభిఘాతం జరుగుతుండగా అంతరం 554 దగ్గరే నిలిచి ఉంటుందని అనుకోవడం కూడా సరికాదు. దానికి తోడు సగటు వేగం కన్నా మాక్స్‌వెల్ వేగాల పంపిణీ తోకలో ఉన్న వేగవంతమైన కొద్ది జంటలే ఈ పనిలో ఎక్కువ భాగం చేస్తాయి. అందుకే ఇటువంటి జంటల క్రాస్‌సెక్షన్లు ఉష్ణోగ్రతతో చాలా వేగంగా పెరుగుతాయి. 1968లో గాలగర్ రూబిడియం, సీసియంల మీద జడవాయువులతో చేసిన కొలతలు సరిగ్గా ఈ దాదాపు-స్థిరోష్ణక పరిధిని గురించినవే.

అసలు చిత్రాన్ని అణువు భాషలో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. క్షార పరమాణువూ జడవాయు పరమాణువూ దగ్గరైనప్పుడు కొద్దిసేపు అవి ఒక ద్విపరమాణుక అణువు లాంటివే. పి ఎలక్ట్రాను మేఘం రెండు కేంద్రకాలను కలిపే అక్షం వెంట ఉంటే సిగ్మా స్థితి, దానికి అడ్డంగా ఉంటే పై స్థితి. సిగ్మా స్థితిలో ఎలక్ట్రాను మేఘం నేరుగా జడవాయువుకు తగులుతుంది కాబట్టి వికర్షణ ఎక్కువ. పై స్థితిలో జడవాయువు ఆ మేఘం నడుమ సన్నబడిన చోటికి వస్తుంది కాబట్టి మరింత దగ్గరకు రాగలదు. దూరంగా ఉన్నప్పుడు స్పిన్-కక్ష్య చర్యదే పెత్తనం, మొత్తం కోణీయ ద్రవ్యవేగం జె మాత్రమే అర్థవంతమైన సంఖ్య. బాగా దగ్గరైనప్పుడు సిగ్మా-పై తేడాదే పెత్తనం. ఈ పెత్తనం చేతులు మారే చోట, అంటే సిగ్మా-పై విడదీత స్పిన్-కక్ష్య అంతరానికి సమానమయ్యే దూరం దగ్గర, పి-1/2కు చెందిన వక్రం, పి-3/2కు చెందిన సిగ్మా వక్రం ఒకదానితో ఒకటి కలగలుస్తాయి. స్థాయి మారడం ప్రధానంగా అక్కడే జరుగుతుంది. అణు అక్షం గిర్రున తిరగడం వల్ల పై-3/2, పై-1/2 వక్రాల మధ్య జరిగే మార్పిడి రెండో దారి.

ఇప్పుడు మీ అంకెలను ఈ చిత్రంలో పెట్టండి. సోడియంలో విడదీత 17 సెం.మీ⁻¹ దాటితే చాలు. అది ఎంతో దూరంలో, ఆర్గాన్ ఇంకా తగలకముందే జరుగుతుంది. అందుకే క్రాస్‌సెక్షన్ పరమాణువు పరిమాణాన్ని మించిపోతుంది. సీసియంలో విడదీత 554ను చేరాలంటే జంట చాలా దగ్గరకు రావాలి. అంత దగ్గరకు సిగ్మా వక్రం మీద ఎక్కి వచ్చేంత గతిశక్తి గది ఉష్ణోగ్రతలో కొద్ది జంటలకే ఉంటుంది. హీలియంకూ ఆర్గాన్‌కూ ఉన్న తేడాను కూడా వేగం ఒక్కదానికే అంటగట్టలేము, ఆ వక్రాల ఆకారం కూడా వేరు.

తిరుగు ప్రశ్న: ఆవిరిగొట్టం

ఇద్దరికీ కృతజ్ఞతలు. నెమ్మదైన అభిఘాతంలో శక్తి మిగలడం వల్ల ప్రయోజనం ఉండదన్నది బోధపడింది. కానీ అలా అయితే మీథేన్, ఈథేన్ సంగతి? అవీ నెమ్మదిగానే వస్తాయి, ఈథేన్ బరువు ఆర్గాన్ కంటే మరీ తక్కువేమీ కాదు. అయినా రూబిడియం, సీసియంలతో వాటి క్రాస్‌సెక్షన్లు పదుల చదరపు ఆంగ్‌స్ట్రాముల్లో ఉన్నాయి.

జవాబు: కంతిరేఖ795

జడవాయు పరమాణువు దగ్గర శక్తిని దాచుకోవడానికి చోటు లేదు. మిగిలిన 237 లేదా 554 సెం.మీ⁻¹ మొత్తం గతిశక్తిగా మారాలి, అంటే ఆ ఒక్క అభిఘాతంలోనే జంట వేగం ఒక్కసారిగా మారాలి. అణువుల దగ్గర భ్రమణ స్థాయిలున్నాయి, తక్కువ శక్తి కంపన స్థాయిలు కూడా ఉన్నాయి. పరమాణువు వదిలిన శక్తిని అణువు తిరగడానికి వాడుకుంటే గతిశక్తిలోకి పోవలసినది చాలా కొద్ది. అప్పుడు మాసీ పరామితిలో లెక్కకు రావలసినది పూర్తి అంతరం కాదు, ఆ మిగిలిన కొద్ది భాగమే.

హైడ్రోజన్ ఉదాహరణ సూటిగా ఉంటుంది. ఆ అణువు ఒకటో భ్రమణ స్థాయి నుంచి మూడో స్థాయికి వెళ్లడానికి 587 సెం.మీ⁻¹ కావాలి. సీసియం ఇచ్చేది 554. లోటు 33 మాత్రమే, అది కేటీలో ఆరో వంతు కూడా లేదు. సీసియంతో హైడ్రోజన్ క్రాస్‌సెక్షన్ జడవాయువుల కన్నా వేల రెట్లు పెద్దది కావడానికి ఇది ముఖ్య కారణం. ఈథేన్‌లో భ్రమణ స్థాయిలు ఇంకా దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఎంత అంతరం వచ్చినా సరిపడే జత ఏదో ఒకటి దొరుకుతుంది.

ఈ తేడా పుస్తకాల్లో మిగిలిపోయే సంగతి కాదు, లేజర్లు దీని మీద ఆధారపడి పనిచేస్తున్నాయి. 2003లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలకు చెందిన క్రుప్కే, ఆయన సహచరులు రూబిడియం ఆవిరిని 780 నానోమీటర్ల డి2 కాంతితో ఉత్తేజపరచి, 795 దగ్గర డి1 లేజర్ కాంతిని తీశారు. పి-3/2కు ఎక్కిన పరమాణువులు వెంటనే పి-1/2కు దిగకపోతే ఆ లేజర్ లేదు, ఎందుకంటే పంపు కాంతే (ఉత్తేజపరచే కాంతే) వాటిని తిరిగి భూస్థాయికి, అంటే అన్నింటికన్నా కింది స్థాయికి, దింపేస్తుంది. వాళ్లు హీలియంతో పాటు ఈథేన్‌ను కలిపింది అందుకే. లెక్క మీరే వేసుకోవచ్చు. 340 కెల్విన్ వద్ద ఒక అట్మాస్ఫియర్ హీలియం ఉంటే, 0.1 చదరపు ఆంగ్‌స్ట్రాము క్రాస్‌సెక్షన్‌తో దిగుడు రేటు సెకనుకు 3 కోట్లు. పి-3/2 జీవితకాలం 26 నానోసెకన్లు, అంటే దాని సహజ క్షయ రేటు సెకనుకు 3.8 కోట్లు. రెండూ ఇంచుమించు సమానం, లేజర్‌కు అది చాలదు. అదే పీడనంలో 50 చదరపు ఆంగ్‌స్ట్రాముల అణు వాయువు ఉంటే రేటు సెకనుకు 600 కోట్లు అవుతుంది.

పంపు ఫోటానుకూ లేజర్ ఫోటానుకూ మధ్య శక్తి నష్టం రూబిడియంలో 2 శాతం లోపే, సీసియంలో 4.7 శాతం. ఈ కొద్ది నష్టమే ఈ లేజర్ల ఆకర్షణ. ఈథేన్‌తో ఒక చిక్కు ఉంది. వేడి మీద అది ఉత్తేజిత క్షార పరమాణువులతో చర్య జరిపి, ఆవిరి ఉండే గాజు సెల్ కిటికీల మీద మసిలాంటి పొరను మిగులుస్తుంది. అందువల్ల ఈథేన్ లేకుండా, అధిక పీడనంలో హీలియం మాత్రమే వాడే రూబిడియం లేజర్లు కూడా తయారయ్యాయి. సీసియంలో ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఎందుకో పైన ఇద్దరూ చెప్పేశారు.

నత్రజనిని మాత్రం ఇందుకు వాడకండి. అది ఉత్తేజిత రూబిడియం శక్తిని తన కంపనంలోకి లాగేసుకుని పరమాణువును ఏకంగా భూస్థాయికి దింపేస్తుంది. కాంతి పంపింగ్ ప్రయోగాల్లో అనవసరమైన ప్రతిదీప్తిని చంపడానికి నత్రజనిని కలిపేది ఇందుకే. లేజర్‌కు అదే శత్రువు.

జవాబు: గాజుసెల్

సిద్ధాంతం గురించి చెప్పవలసింది పై వాళ్లు చెప్పారు. మీరు ఈ ప్రాజెక్టును ప్రయోగంగా చేయబోతున్నట్టయితే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఈ పద్ధతి పాతదే. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలోనే ఆర్. డబ్ల్యు. వుడ్ సోడియం డి రేఖల్లో ఒకదానితోనే ఆవిరిని ఉత్తేజపరచి చూశారు. 1960లలో కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయంలో ఎల్. క్రౌజ్ బృందం పొటాషియం నుంచి సీసియం వరకు ఒక్కొక్క జంటను వరసగా కొలిచింది. మీరు చూసే పట్టికల్లో చాలా అంకెలకు మూలం అక్కడే ఉంది.

కొలిచేది డి1, డి2 తీవ్రతల నిష్పత్తి. డి2తో ఉత్తేజపరిస్తే, స్థిరస్థితిలో పి-1/2 జనాభాను పి-3/2 జనాభాతో భాగించగా వచ్చేది దిగుడు రేటు, దాని కింద పి-1/2 సహజ క్షయ రేటు, ఎక్కుడు రేటుల మొత్తం. పీడనం తక్కువగా ఉన్నప్పుడు ఇది పీడనంతో సరళరేఖలో పెరుగుతుంది, ఆ రేఖ వాలు నుంచే క్రాస్‌సెక్షన్ వస్తుంది. పీడనం బాగా పెంచితే నిష్పత్తి సమతాస్థితి విలువ దగ్గర ఆగిపోతుంది. రూబిడియానికి 340 కెల్విన్ వద్ద అది 1.37. అక్కడికి చేరాక పీడనం ఎంత పెంచినా కొత్త సమాచారం రాదు.

నిజమైన గండం వాయువు శుద్ధత దగ్గర ఉంది. సీసియం-హీలియం దిగుడు క్రాస్‌సెక్షన్ సుమారు 4 × 10⁻⁴, ఈథేన్ వంటి అణువుకు అది 30 అనుకుందాం. వేగాల తేడాను కూడా లెక్కలో వేస్తే, లక్ష హీలియం పరమాణువులకు మూడు నాలుగు అటువంటి అణువులు కలిసినా చాలు, హీలియం వల్ల వచ్చినంత బదిలీ వాటి వల్లే వస్తుంది. వాక్యూం పంపు నూనె ఆవిరి కొంచెం వెనక్కి వచ్చినా, సెల్‌ను సరిగా కాల్చి శుభ్రం చేయకపోయినా, మీరు కొలిచేది హీలియాన్ని కాదు, మురికిని. అందుచేత సీసియంలో జడవాయువుల విలువలు ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటే, ఎక్కువ విలువ కన్నా తక్కువ విలువను నమ్మడం మంచిదని నా అభిప్రాయం.

రెండోది కాంతి ఆవిరిలోనే చిక్కుబడటం. ఆవిరి సాంద్రత ఎక్కువైతే వెలువడిన ఫోటాను బయటకు రాకముందే మరో పరమాణువు దాన్ని మింగేస్తుంది. ఉత్తేజిత స్థాయి జీవితకాలం పెరిగినట్టు కనిపిస్తుంది, బదిలీకి ఎక్కువ సమయం దొరుకుతుంది, నిష్పత్తి లేనిపోని ఎత్తుకు పోతుంది. పైగా డి2 రేఖ శోషణ డి1కు రెట్టింపు గనుక బయటకు వచ్చే డి2 మరింత తగ్గుతుంది. రెండు తప్పులూ ఒకే దిక్కుకు లాగుతాయి. లోహం ఉండే పక్క గొట్టాన్ని సెల్ కన్నా చల్లగా, కొలతకు సరిపడేంత తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఉంచి, కిటికీ అంచుకు దగ్గరగా కాంతిని పంపి చూడడం దీనికి పాత మందు.

మొదటి కొలతగా సెల్‌లో వాయువేదీ లేకుండా నిష్పత్తి తీసుకోండి. అది సున్నాకు చాలా దగ్గరగా ఉండాలి. లేకపోతే ఫిల్టరు గుండా డి2 కాంతి జారుతోందో, సెల్ శుభ్రంగా లేదో, సాంద్రత ఎక్కువైందో ముందు తేల్చుకోవాలి. రూబిడియం రేఖల మధ్య 15 నానోమీటర్లు, సీసియం రేఖల మధ్య 42 నానోమీటర్లు దూరం ఉంది కాబట్టి మామూలు ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టర్లతో విడదీయవచ్చు. సోడియానికి అది 0.6 మాత్రమే. కళాశాల ప్రయోగశాలలో అందరికీ సోడియం దీపమే అలవాటు గనుక దాంతోనే మొదలుపెట్టాలనిపిస్తుంది గాని, ఈ పనికి అది అన్నింటికన్నా కష్టమైన లోహం.

తిరుగు ప్రశ్న: ఆవిరిగొట్టం

ఎంతో ఉపయోగపడింది. రూబిడియంతోనే చేస్తాను. ఒక్క చిన్న విషయం. 780 కాంతి ఒక్కటే పంపినా వేడి సెల్‌లో నీలి కాంతి కనిపిస్తుందని విన్నాను. అది కూడా ఈ బదిలీయేనా?

జవాబు: సిగ్మా_పై

అది దీనికి దగ్గరి బంధువు. అక్కడ ఢీకొనేవి రెండూ ఉత్తేజిత రూబిడియం పరమాణువులే. ఒకటి తన శక్తిని రెండోదానికి ఇచ్చి భూస్థాయికి దిగుతుంది, రెండోది 5డి స్థాయికి ఎక్కుతుంది. రెండు 5పి-3/2 శక్తుల మొత్తం 25,633 సెం.మీ⁻¹, 5డి-3/2 దగ్గర 25,703. లోటు 70 మాత్రమే కాబట్టి ఉష్ణశక్తి దాన్ని తేలికగా పూరిస్తుంది. 5డి నుంచి 6పి మీదుగా దిగేటప్పుడు 420 నానోమీటర్ల దగ్గర నీలి కాంతి వస్తుంది. సోడియంలోనూ ఇదే జరుగుతుంది. 1976లో పీసాలో అల్లెగ్రీని బృందం రెండు 3పి పరమాణువుల నుంచి 5ఎస్, 4డి స్థాయిలు నిండడాన్ని చూపించింది. అక్కడ 5ఎస్ దాదాపు 750 కింద, 4డి దాదాపు 600 సెం.మీ⁻¹ పైన ఉన్నా బదిలీ జరుగుతుంది.

మీ ప్రాజెక్టుకు దీనివల్ల రెండు సంగతులు. పంపు తీవ్రతను రెట్టింపు చేసినప్పుడు నీలి కాంతి దాదాపు నాలుగు రెట్లయితే అది రెండు ఉత్తేజిత పరమాణువుల అభిఘాతమే, ఎందుకంటే దాని రేటు ఉత్తేజిత సాంద్రత వర్గంతో పెరుగుతుంది. అలా పెరగడం మొదలైందంటే 5పి జనాభాలో కొంత మీ సరళ సమీకరణాల్లో లేని దారిన బయటకు పోతోందని కూడా అర్థం. డి1, డి2 నిష్పత్తిని తీసుకునేటప్పుడు నీలి కాంతి కనిపించనంతగా లేజర్ తీవ్రతను, సెల్ ఉష్ణోగ్రతను తగ్గించి ఉంచండి.